ఓపెన్ టెన్త్ ఆన్‌లైన్‌లో: ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో అప్లికేషన్ నుంచి పరీక్ష హాలు దాకా

ఓపెన్ టెన్త్‌లో చేరే దివ్యాంగ పిల్లలకు ఏం సాయం కావాలని అడిగితే అందరూ క్లాసుల దగ్గర మొదలుపెడతారు. నేను అప్లికేషన్ దగ్గర మొదలుపెడతాను. ఆ రోజు ఒక గడిలో టిక్ పెట్టడం మరిచిపోతే, ఏడాది చివర పరీక్ష హాల్లో అదనపు సమయం కోసం బతిమాలుకోవాల్సి వస్తుంది. చూపులేని పిల్లలు, వినికిడి లేని పిల్లలు, చదవడం రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు, ఈ ముగ్గురితోనూ స్పెషల్ ఎడ్యుకేటర్‌గా ఎన్‌ఐఓఎస్ (కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూలు) సెకండరీ కోర్సు తెలుగు మాధ్యమంలో నడిపిన అనుభవం ఇది. ఏపీ, తెలంగాణ రాష్ట్రాల సొంత ఓపెన్ స్కూళ్లలో ఫారాలు, తేదీలు వేరుగా ఉంటాయి కానీ పాఠం తయారీ, క్లాసు, స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) సంగతులు అక్కడా ఇవే.

ఎన్‌ఐఓఎస్ 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలై 2002లో ఇప్పటి పేరుకు మారింది. టెన్త్‌లో చేరడానికి పద్నాలుగేళ్లు నిండాలి. ఒకసారి చేరితే అయిదేళ్లు, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. మన పిల్లలకు ఇంతకంటే పెద్ద సౌకర్యం లేదు. అయినా చాలామంది తల్లిదండ్రులు అయిదు సబ్జెక్టులూ ఒకే దెబ్బకు రాయించాలని చూస్తారు. మొదటి విడతలో మూడు రాయించండి, ఇల్లంతా ప్రశాంతంగా ఉంటుంది.

ముందుగా సర్టిఫికెట్. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రమో, దివ్యాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ కార్డో చేతిలో లేకుండా అప్లికేషన్ తెరవొద్దు. యూడీఐడీ కార్డు మీద రంగు గీత చూస్తే విషయం తెలుస్తుంది: నలభై శాతం లోపు తెలుపు, నలభై నుంచి ఎనభై లోపు పసుపు, ఎనభై, ఆపైన నీలం. స్క్రైబ్, అదనపు సమయం మామూలుగా నలభై శాతం, ఆపైన ఉన్నవారికి. అయితే 2021 ఫిబ్రవరిలో వికాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2022 ఆగస్టులో కేంద్రం నలభై లోపు ఉన్నా రాయడంలో నిజంగా ఇబ్బంది ఉన్నవారికి కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి డాక్టరు విడిగా ధ్రువపత్రం రాయాలి. తెల్ల గీత చూసి ఆశ వదిలేసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

సర్టిఫికెట్‌లో ఎక్కువగా చెడేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, సదరంలో పొడి అక్షరంగా ఉంటుంది, పాత స్కూలు టీసీలో చివర ఉంటుంది. కంప్యూటర్‌కు ఈ ముగ్గురూ వేరువేరు మనుషులు. అడ్మిషన్‌కు నెల ముందే ఆధార్‌కు మిగతావి సరిపోయేలా దిద్దించుకోవాలి. రెండోది గడువు. తాత్కాలికం అని రాసిన సర్టిఫికెట్లకు చివరి తేదీ ఉంటుంది, పరీక్ష నెల ఆ తేదీకి ఇవతల ఉందా అవతల ఉందా అని లెక్క చూసుకోవాలి. చదవడం రాయడంలో ఇబ్బంది, అంటే ఎస్‌ఎల్‌డీ ఉన్న పిల్లలకైతే ఇంకో చిక్కు. నిబంధన ప్రకారం వాళ్లకు ఎనిమిదేళ్లు నిండాక మొదటిసారి, పద్నాలుగు నిండాక మళ్లీ, పద్దెనిమిదికి ఇంకోసారి పరీక్ష చేయాలి. ఓపెన్ టెన్త్‌లో చేరే వయసూ సరిగ్గా పద్నాలుగే. పదో ఏట తీసుకున్న కాగితం పట్టుకొని వచ్చినవాళ్లను మళ్లీ ఆస్పత్రికి పంపాల్సి వస్తుంది, అక్కడ వంతు వచ్చేసరికి అడ్మిషన్ గడువు దాటిపోతుంది. పిల్లవాడి పద్నాలుగో పుట్టినరోజు దగ్గర పడగానే తేదీ అడిగి పెట్టుకోండి.

సంతకం సంగతి చిన్నదే అయినా చెప్పాలి. చూపులేని పిల్లల సంతకం అప్లికేషన్‌లో ఒక రకంగా, హాజరు పట్టీలో ఇంకో రకంగా ఉంటుంది. ఏటీఎం కార్డంత దళసరి అట్ట ముక్కకు అరంగుళం ఎత్తు, రెండున్నర అంగుళాల పొడవు కిటికీ కోసి ఇస్తే, ఆ కిటికీలోనే రాయడం వారం రోజుల్లో అలవాటవుతుంది. ఆ అట్ట పరీక్షకు కూడా వెంట ఉండాలి.

సబ్జెక్టుల ఎంపికలో తొందర వద్దు. కనీసం ఒక భాష, గరిష్ఠంగా రెండు భాషలు కలుపుకొని మొత్తం అయిదు సబ్జెక్టులు కావాలి. లెక్కలు తప్పనిసరి కాదు. చూపులేని పిల్లల ఇళ్లలో ఈ మాట వినగానే ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం వెంటనే తీసేయనివ్వను. లెక్కలు లేని టెన్త్‌తో పాలిటెక్నిక్ వైపు తలుపు మూసుకుంటుంది. ముందు నెల రోజులు వేళ్లతో తాకి లెక్కలు చేసే అబాకస్, టేలర్ ఫ్రేములతో పిల్లవాణ్ని చూసి, అప్పుడు తేల్చుకోవాలి. సైన్స్, లెక్కలు, హోం సైన్స్ సబ్జెక్టులకు ప్రాక్టికల్ ఉంటుంది, అంటే పరీక్ష కేంద్రానికి అదనంగా ఇంకో ప్రయాణం. నడవలేని పిల్లలకు, ఊరికి దూరంగా ఉండేవారికి ఇది నిజమైన ఖర్చు. వినికిడి లేనివారికి భారతీయ సంకేత భాషనే ఒక భాషా సబ్జెక్టుగా తీసుకొనే వీలు 2021 నుంచి వచ్చింది. సైగలు బాగా వచ్చిన పిల్లలకు ఇది తీసుకోమనే చెబుతాను. ఇంట్లో వాళ్లు చేసుకొనే సొంత సైగలు మాత్రమే తెలిసిన పిల్లలకైతే అది కొత్త భాష నేర్చుకోవడంతో సమానం, ఏడాది సరిపోదు.

ఇక పాఠం. ఆన్‌లైన్ చదువులో మా సమయంలో సగానికి పైగా దీనికే పోయింది. చూపులేని విద్యార్థి తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లతో, అంటే ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏతో వింటూ చదువుతాడు. రెండూ ఉచితమే, రెండూ తెలుగు చదువుతాయి. చదవాలంటే మాత్రం ఫైల్లో ఉన్నది నిజమైన యూనికోడ్ తెలుగు అయి ఉండాలి. తెలుగు అచ్చు లోకం చాలాకాలం పాత డీటీపీ ఫాంట్ల మీద నడిచింది. అలాంటి పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగులా కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం ఉంటుంది. స్క్రీన్ రీడర్ ఆ గందరగోళాన్నే చదువుతుంది. తెలుసుకోవడం సులువు: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే సరే. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు. అసలు కాపీయే కాకపోతే అది ఫొటో. యూనికోడ్ పీడీఎఫ్ అయినా ఒత్తులు, గుణింతాల వరస తారుమారుగా రావచ్చు, అందుకే వాక్యం మొత్తం కళ్లతో సరిచూడాలి.

మార్పిడికి మేం వాడింది గూగుల్ డ్రైవ్. పేజీల బొమ్మను అక్కడికి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ కింద తెలుగు అక్షరాలు వస్తాయి. ఫైలు రెండు ఎంబీ దాటకూడదు, అందుకే పాఠాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టాలి. పుస్తకం బల్ల మీద పరిచి, పగటి వెలుతురులో, మన నీడ పడకుండా, ఒక్కో పేజీ విడిగా ఫొటో తీయాలి. రెండు కాలమ్‌ల పేజీ అయితే ముందే నిలువునా రెండుగా కత్తిరించాలి, లేకపోతే ఎడమ వాక్యం సగంలో కుడి వాక్యంతో అతుక్కుంటుంది. వచ్చిన పాఠంలో తప్పులు ఎప్పుడూ అవే చోట్ల ఉంటాయి: ‘మ’ బదులు ‘వు’, ‘ఘ’ బదులు ‘ఫు’, ‘ప’ బదులు ‘వ’, ఊడిపోయిన ఒత్తులు. అన్నిటికంటే ప్రమాదకరం సున్నా. అంకె సున్నా కాస్తా అక్షరం పక్క సున్నగా మారిపోతే 1950 అనే ఏడు 195 అయి కూర్చుంటుంది. సాంఘికశాస్త్రంలో ఏళ్లు, లెక్కల్లో సంఖ్యలు అన్నీ అసలు పుస్తకంతో రెండోసారి పోల్చాలి. తెలుగు వచ్చిన మనిషి పది పేజీలు దిద్దడానికి మాకు గంటన్నర పట్టేది, సైన్స్ అయితే రెండు గంటలు దాటేది.

దిద్దాక వర్డ్‌లో పెట్టి, పాఠం పేరుకు, ఉపశీర్షికలకు హెడింగ్ స్టైల్ ఇవ్వాలి. అక్షరాలను లావు చేసి వదిలేస్తే కుదరదు. హెడింగ్ ఇస్తే వర్డ్‌లోనూ బ్రౌజర్‌లోనూ ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ మీట నొక్కి ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకవచ్చు. లేకపోతే ముప్పై పేజీల పాఠంలో ఒక ప్రశ్నకు జవాబు వెతకాలంటే మొదటి నుంచి వినాలి. డైసీ కన్సార్షియం వాళ్ల ఉచిత సాధనం వర్డ్‌టుఈపబ్‌తో దాన్ని ఈపబ్ అనే ఈ-పుస్తకంగా మారిస్తే ఈజీరీడర్ లాంటి ఫోన్ యాప్‌లో ఆపిన చోటు గుర్తుంటుంది. ఇదంతా చేసే ముందు, ఆ పుస్తకం ఎవరైనా ఇప్పటికే చేశారేమో సుగమ్య పుస్తకాలయలో వెతకండి, 2016 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ గ్రంథాలయం అది. పాఠాలు ఇలా మార్చడం కాపీరైట్ దొంగతనం కాదా అని అడిగేవాళ్లుంటారు. 2012 సవరణతో కాపీరైట్ చట్టం దివ్యాంగుల కోసం ఈ మార్పిడికి అనుమతి ఇచ్చింది. ఫైలు మిగతా క్లాసు గ్రూపులో పడేయకండి, అంతే.

బొమ్మలకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. దర్జీలు వాడే పళ్ల చక్రం, కింద రబ్బరు షీటు, దళసరి కాగితం ఉంటే చాలు. కాగితం వెనక వైపు బొమ్మను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి గీసి చక్రం నడిపితే ముందు వైపు చుక్కలు ఉబ్బుతాయి. తిప్పడం మరిచిపోతే బంగాళాఖాతం పడమటికి పోతుంది. మ్యాపులో సరిహద్దుకు ఫెవికాల్‌తో అంటించిన ట్వైన్ దారం, నదికి సన్నని నూలు దారం, నగరాలకు మెంతులు. ఒక్క మ్యాపులో అయిదారు విషయాలకు మించి పెడితే వేలికి అంతా ఒకటే గరుకు. కొరియర్‌లో పంపేటప్పుడు చుట్టకూడదు, అట్టల మధ్య పెట్టాలి.

క్లాసు గూగుల్ మీట్‌లోనో జూమ్‌లోనో నడిచేది. మొదటి వారం పాఠం చెప్పకుండా మీటలే నేర్పాం. జూమ్‌లో మైక్‌కు ఆల్ట్‌తో ఏ, చెయ్యెత్తడానికి ఆల్ట్‌తో వై. మీట్‌లో మైక్‌కు కంట్రోల్‌తో డీ, కెమెరాకు కంట్రోల్‌తో ఈ. ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడేవాళ్లు తప్పకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి, లేకపోతే ఫోన్ మాట్లాడే గొంతు క్లాసంతా వినిపిస్తుంది. టీచర్లకు నేర్పడం ఇంకా కష్టం. ‘ఇది చూడండి’, ‘దీన్ని అటు తీసుకెళ్తే’ అనే మాటలు నాలుక చివర ఉంటాయి. లెక్కల్లో మేం పెట్టుకున్న పద్ధతి: ‘బ్రాకెట్ మొదలు, రెండు ఎక్స్ ప్లస్ మూడు, బ్రాకెట్ ముగింపు, దాని మీద స్క్వేర్’. భిన్నం అయితే ‘పైన’, ‘కింద’, ‘భిన్నం అయిపోయింది’. చివరి మాట అనకపోతే ప్లస్ మూడు హారంలో ఉందో బయట ఉందో తెలియదు. బోర్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టి ‘నోట్స్ పంపాను’ అనే అలవాటు మాన్పించడానికి రెండు నెలలు పట్టింది. టైపు చేసిన పాఠం, ఫైలు పేరులో సబ్జెక్టు, పాఠం సంఖ్య ఉండాలి. వాయిస్ మెసేజ్ అయితే మూడు నిమిషాల లోపు, మొదటి మాట పాఠం పేరు.

వినికిడి లేని పిల్లలకు స్క్రీన్ మీద సైగలు చెప్పే మనిషి ఎప్పుడూ పెద్దగా కనిపించాలి. మీట్‌లో, జూమ్‌లో ఆ వ్యక్తిని పిన్ చేయడం ప్రతి విద్యార్థీ తన ఫోన్‌లో తానే చేసుకోవాలి, క్లాసుకు ముందు అయిదు నిమిషాలు దానికే. ముదురు రంగు సాదా చొక్కా, వెనక ఖాళీ గోడ, వెలుతురు ముఖం ముందు నుంచి. స్లైడ్ మారిన వెంటనే మాట్లాడకూడదు. చూసే కళ్లు ఒక్క జతే కదా, స్లైడ్ చదివాక సైగల వైపు తిరగడానికి పది సెకన్లు కావాలి. వీడియో తడబడితే సైగ మధ్యలో తెగి అర్థం మారిపోతుంది. గంట వీడియో క్లాసుకు దాదాపు ఒక జీబీ పోతుంది, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో రెండు క్లాసులు పట్టవు. అందుకే వీళ్లకు రోజూ రెండు క్లాసులు పెట్టకుండా ఒక క్లాసు, ఒక రికార్డు చేసిన చిన్న వీడియో అని మార్చాం. సైగల టీచరు దొరకని రోజు లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ తెలుగు మాటలను అక్షరాలుగా చూపిస్తుంది. బాగా చదవగలిగిన పిల్లలకు అది ఆసరాగా పనికొస్తుంది, తక్కినవారికి స్క్రీన్ మీద పారే అక్షరాల వరద.

ఇక్కడ ఒక సంగతి దగ్గర ఆగాలి. పుట్టుకతో వినపడని పిల్లలు తెలుగు రాస్తే ‘నేను నిన్న బడి వెళ్లు’ లాంటి వాక్యాలు వస్తాయి. కి, కు, ని, లో అనే విభక్తులు, కాలం తెలిపే క్రియ చివరలు రాలిపోతాయి. సైగల భాషలో ఆ పని స్థానం, ముఖకవళిక చేస్తాయి, తెలుగులో క్రియ చివర చేస్తుంది. విషయం తెలియక కాదు, భాష వేరు. పేపరు దిద్దే మనిషికి ఆ తేడా తెలియదు. అందుకని సాంఘికం, సైన్స్ జవాబులు పేరాలుగా వద్దని, పట్టికలు, పాయింట్లు, బాణం గుర్తుల బొమ్మలుగా రాయడం నేర్పాం. పాఠానికి ఇరవై ముఖ్య పదాలు, ప్రతి పదానికి సైగ వీడియో, పక్కన అచ్చు పదం. ఢిల్లీలోని భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం (ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ) నిఘంటువులో పదివేల సైగలున్నాయి, అక్కడ దొరికిన సైగనే వాడాలి. టీచరు సొంతంగా కల్పిస్తే, వచ్చే నెల ఇంకో టీచరు ఇంకోటి కల్పిస్తారు.

ఎస్‌ఎల్‌డీ పిల్లలకు కావాల్సింది తక్కువ, దొరికేది ఇంకా తక్కువ, ఎందుకంటే వాళ్లను చూస్తే ఏ లోపమూ కనిపించదు. ఎడ్జ్ బ్రౌజర్‌లో రీడ్ అలౌడ్ నొక్కితే శ్రుతి, మోహన్ అనే రెండు తెలుగు గొంతులు చదువుతూ, చదివే పదాన్ని వెలిగిస్తాయి. అక్షరం పద్దెనిమిది పాయింట్లు, వరసల మధ్య ఒకటిన్నర ఖాళీ. తెలుగులో ఒత్తులు కింది వరస గుడులను తాకేస్తుంటాయి కాబట్టి ఈ ఖాళీ ఇంగ్లిష్ కంటే మనకే ఎక్కువ అవసరం. రాతకు ఫోన్ కీబోర్డు యాప్ జీబోర్డులో మైక్ నొక్కి మాట్లాడటం.

టీఎంఏ, అంటే ఇంటి నుంచి రాసి పంపే అసైన్‌మెంట్, థియరీ మార్కుల్లో ఇరవై శాతం. ఆరు ప్రశ్నలు, ఇరవై మార్కులు: రెండేసి మార్కులవి మూడు, నాలుగేసివి రెండు, చివరిది ఆరు మార్కుల ప్రాజెక్టు. పిల్లలు మొదటి అయిదూ రాసి ప్రాజెక్టు వదిలేస్తారు, అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానివే. చేతిరాత అడుగుతారు. చూపులేని విద్యార్థి చెబితే ఇంకొకరు రాసినట్టు మొదటి పేజీలోనే స్పష్టంగా రాసి, స్టడీ సెంటర్ కోఆర్డినేటర్‌కు ముందే తెలియజేయాలి. స్కాన్ చేసిన పేజీలు తలకిందులుగా ఉండటం, సబ్జెక్టు మారి అప్‌లోడ్ కావడం రెండూ మామూలే. అప్‌లోడ్ అయ్యాక తిరిగి తెరిచి చూసి, స్క్రీన్‌షాట్ దాచుకోవాలి.

పరీక్ష. మూడు గంటల పేపరుకు ఒక గంట అదనం, గంటకు కనీసం ఇరవై నిమిషాలని 2018 మార్గదర్శకాల లెక్క. స్క్రైబ్‌ను మనమే తెచ్చుకుంటే, అవే 2018 మార్గదర్శకాల ప్రకారం అతని చదువు పరీక్ష రాసే విద్యార్థి కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. అంటే టెన్త్‌కు తొమ్మిది చదివేవాళ్లు. హాల్ టికెట్ వచ్చేదాకా ఆగితే చేతిలో కొద్ది రోజులే మిగులుతాయి. నెల ముందే ఇద్దరిని మాట్లాడుకోవాలి, ఒకరికి జ్వరం వస్తుందనే లెక్క వేసుకోవాలి. కనీసం మూడు పాత పేపర్లు, పూర్తి నాలుగు గంటలు, ఆ స్క్రైబ్‌తోనే ఫోన్‌లో కాకుండా ఎదురెదురుగా రాయించాలి. మొదటి పేపరు సగంలో ఆగిపోతుంది, ఎందుకంటే చెప్పే వేగం రాసే వేగం కంటే రెట్టింపు. విద్యార్థి వాక్యాన్ని నాలుగైదు మాటలుగా విరిచి చెప్పి ‘ఊ’ అనేదాకా ఆగడం నేర్చుకోవాలి. మార్కులు, సమయం పంచుకోవడం కూడా అతని పనే, స్క్రైబ్ పని కాదు.

బొమ్మ, గ్రాఫు ఉన్న ప్రశ్నల కింద దృష్టిలోపం ఉన్నవారికి మాత్రమే అని వేరే ప్రశ్న అచ్చవుతుంది. హడావుడిలో స్క్రైబ్ పైదే చదివి, బొమ్మ కదా అని వదిలేస్తాడు. ‘నాకు విడిగా ప్రశ్న ఉందేమో చూడు’ అని ప్రతిసారీ అడగమని పిల్లలకు నేర్పాలి. ఒక కేంద్రంలో గది మూడో అంతస్తులో ఇచ్చారు. ఇంకోచోట అదనపు గంట సంగతి ఇన్విజిలేటర్‌కు తెలియక మూడు గంటలకే పేపరు లాక్కోబోయారు. ఆ తర్వాత నుంచి పరీక్షకు రెండు రోజుల ముందే కేంద్రానికి వెళ్లి సూపరింటెండెంట్‌ను కలుస్తున్నాం. సర్టిఫికెట్, స్క్రైబ్ అనుమతి, మార్గదర్శకాల జిరాక్స్ ఒక సెట్టు వాళ్లకిస్తాం, ఇంకోటి పిల్లవాడి సంచిలో ఉంటుంది. కింది అంతస్తు గది, స్క్రైబ్ గొంతు మిగతావారికి వినపడని మూల అప్పుడే అడగాలి. పరీక్ష రోజు పొద్దున అడిగితే బల్లల మీద నంబర్లు అతికించేసి ఉంటారు.

ఫలితాల్లో ఒకటి రెండు సబ్జెక్టులు మిగిలితే ఏప్రిల్, అక్టోబర్ విడతల కోసం చూడొచ్చు, లేదా మనం ఎంచుకున్న రోజు రాసే ఆన్ డిమాండ్ పరీక్షకు తేదీ తీసుకోవచ్చు. గదిలో తక్కువమంది ఉంటారు కాబట్టి కంగారుపడే పిల్లలకు రెండోది నయం. ఎటు వెళ్లినా స్క్రైబ్ దరఖాస్తు మళ్లీ కొత్తగా పెట్టాలి, పోయినసారి అనుమతి ఈసారికి చెల్లదు. కిందటిసారి తొమ్మిది చదివిన స్క్రైబ్ ఈలోగా టెన్త్‌కు వచ్చి ఉంటాడు, అతన్నే పిలిచే ముందు అది చూసుకోండి.